అన్నప్రాసన నుంచి తొమ్మిదో నెల టీకా దాకా



టీకా రోజున అంగన్‌వాడీ గుమ్మం దగ్గర తల్లులు అడిగే ప్రశ్నల్లో ఈ మధ్య ఒకటి తరచుగా వినిపిస్తోంది. "సూది వేయించే ముందు పాపకి జింక్ సిరప్ పట్టిస్తే టీకా బాగా పనిచేస్తుందట కదా, ఎన్నాళ్ళ ముందు మొదలెట్టాలి?" అని. ఇంట్లో పెద్దవాళ్ళదీ అదే ఆలోచన. ఫ్లూ టీకాకి వెళ్ళబోయే ముందు, కోవిడ్ రోజుల్లో అలవాటైన జింక్ బిళ్ళలు మళ్ళీ ఒక పట్టీ కొనుక్కుంటున్నారు. ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు గౌరవం. టీకా వేయించేశాం, పని అయిపోయింది అనుకోకుండా, ఆ టీకా బిడ్డ ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తోందని ఆరా తీసే తల్లి అడగగల ప్రశ్న అది. దానికి తగిన జవాబు ఆమెకు అందాలి. టీకాకూ ఖనిజ లవణాలకూ, అంటే ఇనుము, జింక్, సెలీనియం వంటి వాటికి, ఉన్న సంబంధం గురించి ఈ రోజు నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా మన ఊరి సంగతి. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రిసాలి గానీ, దాని చుట్టూ ఉన్న భిలాయి సెక్టార్లు గానీ ఇనుము కోసం వెలిసిన ఊళ్ళు. 1955 ఫిబ్రవరిలో భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అక్కడ పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మన వాళ్ళు బండెక్కి వచ్చారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు ఇక్కడి బడుల్లో చదువుతున్నారు. దల్లీరాజహరా గనుల నుంచి ఇన్నేళ్ళుగా ఖనిజం వస్తూనే ఉంది. అయినా 2019 నుంచి 2021 వరకు జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఛత్తీస్‌గఢ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67.2 శాతం మందికి రక్తహీనత ఉంది. మన పుట్టిళ్ళ వైపు పరిస్థితి మెరుగని అనుకోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఈ రక్తహీనత అంతా ఇనుము లోపం వల్లే కాదు, ఆ సంగతికి తర్వాత వస్తాను. కానీ అందులో పెద్ద వాటా ఇనుము లోపానిదే.

రక్తహీనత అంటే మనకు వెంటనే తోచేవి పాలిపోయిన ముఖం, నీరసం, చదువు మీద ధ్యాస లేకపోవడం. టీకాకూ దానికీ సంబంధం ఉందని ఎవరూ అనుకోరు. నిజానికి చాలా దగ్గరి సంబంధం ఉంది. టీకా ఒంట్లోకి వెళ్ళగానే అందులోని సూక్ష్మజీవి ముక్కనో, బలహీనపరిచిన క్రిమినో గుర్తుపట్టే తెల్ల రక్తకణాలు కొన్నే ఉంటాయి. వేలలో, లక్షల్లో ఏ ఒక్కటో. ఆ కొద్ది కణాలే లింఫ్ గ్రంథుల్లో చేరి, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, కొద్ది రోజుల్లో పెద్ద గుంపుగా పెరగాలి. వాటిలో కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి. కొన్ని ఆ క్రిమి జ్ఞాపకాన్ని ఏళ్ళ తరబడి మోస్తాయి. కణం రెండుగా చీలాలంటే తన డీఎన్ఏకి నకలు తీసుకోవాలి. ఆ నకలుకు కావలసిన ముక్కలను తయారుచేసే ఎంజైము ఇనుము లేకుండా పనిచేయదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకూ ఇనుమే కావాలి. ప్లాంటులో పనిచేసినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. ఆర్డరు వచ్చింది, షిఫ్టులో మనుషులున్నారు, ఫర్నేసు వేడిగా ఉంది, ఓర్ తెచ్చే గూడ్సు రైలు మాత్రం రాలేదు. ఆ రోజు ఉత్పత్తి ఎంత ఉంటుందో వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ విషయం మీద తొలినాళ్ళలో పనిచేసినవాళ్ళలో మన హైదరాబాదు వాళ్ళున్నారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ చిన్న పరిశోధన విభాగంగా మొదలుపెట్టిన సంస్థే, ఆ తర్వాత హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కడ భాస్కరం, వినోదినీ రెడ్డి 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇనుము లోపించిన పిల్లల్లో టి కణాల రక్షణ, అంటే వైరస్‌ల మీదా క్షయ వంటి జబ్బుల మీదా కణాలు నేరుగా జరిపే పోరాటం, బలహీనపడుతోందని అందులో చూపించారు. యాభై ఏళ్ళ కిందటి మాట ఇది. పోషకాహార లోపానికీ రోగనిరోధక శక్తికీ ఉన్న లంకెను ప్రపంచం అప్పుడప్పుడే పట్టించుకుంటున్న రోజులవి. ఆ పని మన గడ్డ మీద, మన పిల్లలతో జరిగిందని మనలో చాలామందికి తెలియదు. తెలియాలి అనిపిస్తుంది నాకు.

అయితే ఆ తర్వాత చాలా కాలం వైద్య పుస్తకాల్లో ఒక మాట నిలిచిపోయింది. ఇనుము లోపం టి కణాలను దెబ్బతీస్తుంది కానీ యాంటీబాడీల తయారీని పెద్దగా తాకదు అని. టీకాల రక్షణలో ఎక్కువ భాగం యాంటీబాడీలదే కాబట్టి, రక్తహీనత ఉన్న పిల్లలకు టీకా ఎలా పడుతుందనే ప్రశ్న వెనకబడింది. దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చినవి గత పదేళ్ళ పరిశోధనలు. ఇనుమును కణం లోపలికి చేర్చే ప్రోటీన్‌లో జన్యులోపంతో పుట్టిన కొందరు పిల్లల గురించి 2016లో తెలిసింది. ఒంట్లో ఇనుము ఉన్నా వాళ్ళ తెల్ల కణాలకు అది అందదు. ఆ పిల్లలకు చిన్నప్పటి నుంచీ ఇన్‌ఫెక్షన్లే, యాంటీబాడీలు చాలా తక్కువ. 2021లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. రక్తంలో ఇనుము పడిపోయేలా చేసిన ఎలుకల్లో ఫ్లూ టీకాకు స్పందన కుంగిపోయింది. ఇనుము లోపంతో ఉన్న పందిపిల్లలకు టీకా సరిగా పట్టలేదు, ఇనుము ఇచ్చిన వాటికి మెరుగ్గా పట్టింది.

ఎలుకల సంగతీ పందిపిల్లల సంగతీ మాకెందుకంటారా? సరే, పిల్లల దగ్గరికే వద్దాం. 2020లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు, కెన్యా పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం వెలువడింది. కెన్యా తీరప్రాంతంలో 303 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర దాకా వెంబడించారు. టీకాలు వేసే నాటికే రక్తహీనతతో ఉన్న పిల్లల్లో డిఫ్తీరియా, న్యూమోకాకస్ వంటి వాటి మీద రక్షణ తక్కువగా కనిపించింది. టీకాలన్నీ వేశారు, కార్డులో తేదీలన్నీ ఉన్నాయి, ఒంట్లో మాత్రం రావలసినంత రక్షణ రాలేదు. అదే పరిశోధనలో రెండో భాగం నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. ఆరు నెలలు దాటిన 127 మంది పిల్లలకు నాలుగు నెలల పాటు రోజూ జావలో కలిపే పోషకాల పొడి ఇచ్చారు. 85 మందికి ఇచ్చిన పొడిలో 5 మిల్లీగ్రాముల ఇనుము ఉంది, మిగతా 42 మందికి ఇచ్చినదాంట్లో ఇనుము లేదు. మధ్యలో తొమ్మిదో నెల రాగానే తట్టు టీకా వేశారు. ఏడాది నిండబోయే వయసులో చూస్తే, ఇనుము అందిన పిల్లల్లో తట్టు మీద యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయి. అవి వైరస్‌ను గట్టిగా పట్టుకునేవిగానూ ఉన్నాయి.

ఒక్క అధ్యయనం, అందులోనూ నూట పాతిక మంది పిల్లలు. దాని మీద మొత్తం భారం వేయకూడదు. కానీ మన దేశపు టీకా పట్టికను, మన ఇళ్ళ పద్ధతులను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఫలితం సూటిగా మనకే చెబుతున్నట్టు ఉంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి దగ్గర నుంచి తెచ్చుకున్న ఇనుము ఇంచుమించు ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలు అన్నిటికీ సాటిలేనివే, కానీ వాటిలో ఇనుము తక్కువ. ఆరో నెలలో మనం అన్నప్రాసన చేస్తాం. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు. ఈ రెంటికీ మధ్య మూడు నెలలు. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము అడుగంటేదీ, బిడ్డ వేగంగా ఎదిగేదీ, పెద్ద టీకా ఒకటి ఎదురుచూసేదీ ఆ మూడు నెలల్లోనే. ఇవాళ్టి నా మాటలన్నిటిలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోదలిస్తే ఆ మూడు నెలలను గుర్తుపెట్టుకోండి.

ప్రభుత్వం ఈ వయసుకు మందు ఇస్తూనే ఉంది. 2018లో మొదలైన ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా ప్రతి బిడ్డకూ వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 1 మిల్లీలీటరు ఐరన్ ఫోలిక్ యాసిడ్ సిరప్ పట్టాలి. ఆ ఒక్క మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అంగన్‌వాడీలో, ఇక్కడి ఆశా కార్యకర్త అయిన మితానిన్ దీదీ దగ్గర సీసా ఉచితంగా దొరుకుతుంది. మరి ఎందుకు తప్పిపోతోంది? మన తెలుగు ఇళ్ళలో ఒక కారణం స్పష్టంగా కనిపిస్తుంది. తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి వెళ్తుంది. పాలకొండో పార్వతీపురమో, అక్కడ పురుడు పోస్తారు. మొదటి టీకాలు అక్కడి ఏఎన్ఎం వేస్తుంది. బాలింత ఐదో నెలలోనో, అన్నప్రాసన అయ్యాకనో రిసాలి తిరిగి వస్తుంది. అక్కడి పేర్లలోంచి పోయింది, ఇక్కడి పేర్లలోకి ఇంకా ఎక్కలేదు. టీకా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు, ఎందుకంటే టీకాకు తేదీ ఉంది. సిరప్‌కు తేదీ లేదు. అది రెండు రాష్ట్రాల మధ్య జారిపోతోంది. 2024లో దేశమంతా మొదలైన యూ-విన్‌లో టీకాల వివరాలు ఏ రాష్ట్రంలోనైనా చూడవచ్చు. కానీ సిరప్ సంగతి మాత్రం ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి. కోడలు వచ్చిన వారంలోనే అంగన్‌వాడీలో బిడ్డ పేరు రాయించండి. అత్తగారు తలుచుకుంటే ఒక్క పూట పని.

సిరప్ పట్టడంలో చిన్న మెళకువలు ఉన్నాయి. పాలతో కలిపి ఇస్తే ఇనుము సరిగా ఒంటబట్టదు. ఏదైనా తినిపించాక కాసేపాగి, నాలుక వెనక వైపు పడేలా పట్టాలి, పళ్ళకు మరక అంటదు. మలం నల్లగా వస్తుంది. అది చూసి కంగారుపడి చాలామంది తల్లులు ఆపేస్తారు. ఆపక్కర్లేదు, అది ఇనుము రంగే. జ్వరంగా ఉన్న రోజుల్లో మాత్రం ఆపి, తగ్గాక మళ్ళీ మొదలెట్టాలి.

జ్వరంలో ఎందుకు ఆపాలో కూడా చెప్పాలి. క్రిములు ఒంట్లో చేరినప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. అది పేగుల్లోంచి ఇనుము రాకుండా కట్టేస్తుంది, ఒంట్లో ఉన్న ఇనుమునూ కణాల్లో దాచేస్తుంది. క్రిములకూ ఇనుము కావాలి కదా, వాటికి దక్కకుండా శరీరం చేసే ఏర్పాటు అది. మంచి ఏర్పాటే. కానీ మాటిమాటికీ విరేచనాలతో, దగ్గుతో, జ్వరంతో బాధపడే బిడ్డలో ఆ కట్టు ఎప్పుడూ సడలదు. ఎంత సిరప్ పట్టినా అది ఒంటికి సరిగా చేరదు, టీకా వేళకు తెల్ల కణాలకూ తగినంత అందదు. అంటే తాగే నీళ్ళు, చేతులు కడుక్కోవడం, మురుగు కాలవ శుభ్రత, ఇవన్నీ కూడా టీకా పనిలో భాగమే. మున్సిపాలిటీ వాళ్ళ పని మంచిగా జరిగితే టీకా కూడా మంచిగా పనిచేస్తుంది. ఇది ఉత్త మాట కాదు, హెప్సిడిన్ చెప్పే మాట.

ఇప్పుడు రెండు హెచ్చరికలు. మన ప్రాంతానికి ఇవి తప్పనిసరి.

ఒకటి సికిల్ సెల్. ఛత్తీస్‌గఢ్‌లో ఎన్నో కుటుంబాల్లో ఈ జబ్బు వంశపారంపర్యంగా ఉంది. మన ఉత్తరాంధ్ర ఏజెన్సీ గిరిజనుల్లోనూ ఉంది. 2023 జులై 1న దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది, రక్తపరీక్ష ఉచితంగా చేస్తున్నారు. సికిల్ సెల్‌లోనూ, తలసీమియాలోనూ పిల్లవాడు పాలిపోయే ఉంటాడు, కానీ కారణం ఇనుము లోపం కాకపోవచ్చు. తరచుగా రక్తం ఎక్కించుకునే పిల్లల ఒంట్లో ఇనుము పేరుకుపోయి ఉంటుంది. వాళ్ళకు డాక్టరు చెప్పకుండా ఐరన్ ఇస్తే హాని. మరోపక్క సికిల్ సెల్ పిల్లల్లో ప్లీహం పాడైపోతుంది కాబట్టి న్యూమోకాకస్ వంటి టీకాలు వాళ్ళకు మిగతావాళ్ళ కన్నా ఎక్కువ అవసరం. ఐరన్ ఆపమన్నారు కదా అని టీకాలు కూడా ఆపకూడదు.

రెండోది మలేరియా. 2006లో టాంజానియాలోని పెంబా దీవిలో జరిగిన పెద్ద అధ్యయనంలో, మలేరియా విపరీతంగా ఉన్న చోట పిల్లలందరికీ పరీక్ష లేకుండా రోజూ ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. ఆసుపత్రి పాలైనవాళ్ళూ చనిపోయినవాళ్ళూ ఎక్కువయ్యారని తేలి, ఇనుము ఇవ్వడం మధ్యలోనే ఆపేశారు. మలేరియా ఉన్న చోట దాన్ని అరికట్టే ఏర్పాటు పక్కన ఉంచుకునే ఐరన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రిసాలిలో కన్నా బస్తర్ వైపు ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం. సెలవులకు అటు వెళ్ళొచ్చిన పిల్లలకు జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష చేయించండి.

ఇక అందరూ అడిగే జింక్. మనిషికి జింక్ లోపం ఉంటుందని ప్రపంచానికి చెప్పినవాడు మన దేశం వాడే. బీహార్‌లోని బక్సర్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఆయన దగ్గరికి 21 ఏళ్ళ యువకుడు వచ్చాడు, చూడబోతే పదేళ్ళ పిల్లవాడిలా ఉన్నాడు. తిండి రొట్టె, దానితో పాటు మట్టి. ఆ కేసు నుంచి మొదలై, జింక్ లేకపోతే ఎదుగుదలా రోగనిరోధక శక్తీ రెండూ దెబ్బతింటాయని ఆయన నిరూపించారు. మన ఇళ్ళలోనూ కడుపుతో ఉన్న ఆడపిల్లలు బలపాలు, మట్టిగడ్డలు, పచ్చి బియ్యం దాచుకుని తింటారు. దాన్ని వేవిళ్ళ కోరిక అని నవ్వి ఊరుకోవద్దు. అది ఇనుము లోపానికి గుర్తు కావచ్చు, వెంటనే హిమోగ్లోబిన్ చూపించండి. ఆ తల్లి కడుపులో బిడ్డ ఇనుము పోగుచేసుకునే కాలం అదే.

జింక్ ఇస్తే టీకా బాగా పడుతుందా? పరిశోధనలు రకరకాలుగా చెప్పాయి. ఢాకాలోని అతిసార పరిశోధన సంస్థ వాళ్ళు రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ ఇస్తూ నోటి ద్వారా కలరా టీకా వేశారు. కలరా క్రిమిని చంపే యాంటీబాడీలు పెరిగాయి. ఎంతో ఆశ కలిగింది. తీరా కలరా విషపదార్థం మీద వచ్చే యాంటీబాడీలు చూస్తే, జింక్ తీసుకున్న పిల్లల్లో అవి తగ్గాయి. ఒకే బిళ్ళ, ఒకే టీకా, ఒక చోట లాభం, ఇంకో చోట నష్టం. అక్కడే పసివాళ్ళలో న్యూమోకాకస్ టీకాతో చూశారు. టీకాలో ఉన్న ఏడు రకాల్లో ఒక్క రకం మీద మాత్రమే జింక్ వల్ల స్పందన పెరిగింది. పాకిస్తాన్‌లో అప్పుడే పుట్టిన పిల్లలకు రోజూ జింక్ ఇస్తూ పోలియో చుక్కలు వేశారు. 2015లో ఫలితం వచ్చింది, ఏ తేడా లేదు.

మనకు దగ్గరి పరీక్ష వెల్లూరుది. చిత్తూరు వాళ్ళకు పక్క ఊరే, తెలుగువాళ్ళు వైద్యానికి తరతరాలుగా వెళ్ళే చోటు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, మన దగ్గర పోలియో చుక్కలు పాశ్చాత్య దేశాల్లో పనిచేసినంత బాగా పనిచేయడం లేదని, డోసులు ఎక్కువ కావాలని జాకబ్ జాన్ 1970లలోనే చెప్పారు. అదే కాలేజీలో 620 మంది పసివాళ్ళకు రోటా వైరస్, పోలియో టీకాలు వేసే రోజుల్లో కొందరికి జింక్, కొందరికి మంచి బాక్టీరియా పొడి, కొందరికి రెండూ, కొందరికి ఉత్త పొడి ఇచ్చి చూశారు. ఫలితం 2018లో ప్రచురించారు. పోలియోకు ఏమీ తేడా లేదు. రోటా వైరస్ టీకాకు, రెండూ కలిపి తీసుకున్న పిల్లల్లో కాస్త మెరుగు కనిపించింది, అది కూడా ఖాయమని చెప్పగలిగేంత కాదు.

నోటి టీకాల విషయంలో ఈ వెతుకులాట ఎందుకంటే, మన పిల్లల పేగులు మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లతో వాచి ఉంటాయి, టీకాకు అక్కడే అడ్డు తగులుతుంది. హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకా 2016లో దేశ కార్యక్రమంలో చేరింది. మొదట మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తీవ్రమైన రోటా విరేచనాలను అది దాదాపు 55 శాతం మేర అడ్డుకుంటుందని ఢిల్లీ, పుణె, వెల్లూరు పరీక్షల్లో తేలింది. విరేచనాలతో ఎందరో పసివాళ్ళు పోయే దేశంలో ఆ సగం రక్షణ ఎన్నో ప్రాణాలు. మిగతా సగం కూడా ఎలాగైనా రాబట్టాలని పరిశోధకులు జింక్ వైపు చూశారు. అది తప్పు కాదు. ఇప్పటికి జవాబు దొరకలేదు, అంతే.

కాబట్టి టీకాకు ముందు ప్రత్యేకంగా జింక్ మొదలెట్టాల్సిన పని లేదు. జింక్‌కు రుజువైన చోటు వేరే ఉంది, విరేచనాలు పట్టుకున్నప్పుడు. ఓఆర్ఎస్‌తో పాటు ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకు 10, పద్నాలుగు రోజులు. మూడో రోజు విరేచనాలు కట్టగానే మిగిలిన బిళ్ళలు అటక మీదికి పోతాయి. పద్నాలుగు రోజులూ ఇవ్వండి, ఆ తర్వాత కొన్ని నెలల దాకా మళ్ళీ విరేచనాలు పట్టుకోవడం తగ్గుతుంది. 2016 నుంచి 2018 దాకా జరిగిన జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో 19 శాతం మందికి జింక్ లోపం, 32 శాతం మందికి ఇనుము లోపం కనిపించాయి. ఏ లోపం ఎక్కువో అంకెలే చెబుతున్నాయి.

పెద్దవాళ్ళ మాట. రిసాలిలో రిటైరైన పెద్దలు చాలామంది ఉన్నారు, వాళ్ళ చేతుల్లో బిళ్ళల డబ్బాలూ చాలా ఉన్నాయి. 1999లో ఫ్రాన్స్‌లో వృద్ధాశ్రమాల్లో ఉంటున్న 725 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్, 100 మైక్రోగ్రాముల సెలీనియం తీసుకున్నవాళ్ళలో ఫ్లూ టీకాకు యాంటీబాడీలు ఎక్కువ వచ్చాయి. ఇటలీలో జింక్‌తో అదే పని చేస్తే ఫలితం రాలేదు. సెలీనియం విషయంలో ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ వాళ్ళ ప్రయోగం ఆసక్తిగా ఉంటుంది. రక్తంలో సెలీనియం తక్కువగా ఉన్న వయోజనులకు అది ఇచ్చి పోలియో చుక్కలు వేస్తే యాంటీబాడీలు మారలేదు గానీ, వైరస్ ఒంట్లోంచి త్వరగా వెళ్ళిపోయింది, దానిలో మార్పులూ తక్కువ వచ్చాయి. ఈ మూడింటినీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది, లోపం ఉన్న మనిషికి ఆ లోపం తీరిస్తే మేలు జరగవచ్చు, లోపం లేని మనిషికి ఇంకా పోస్తే కొత్తగా వచ్చేదేమీ లేదు. పైగా నెలల తరబడి జింక్ ఎక్కువగా మింగితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. దాని వల్ల రక్తహీనత, కాళ్ళలో తిమ్మిర్లు, నడక తూలడం వస్తాయి. పెద్ద వయసులో ఆ తూలడాన్ని షుగరు మీదికో వయసు మీదికో నెట్టేస్తారు. మీ నాన్నగారో మామగారో జింక్ బిళ్ళలు ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారో ఒకసారి అడగండి.

తిండి మాట చెప్పకుండా ముగిస్తే మన నానమ్మలకు అన్యాయం చేసినట్టే. చోళ్ళలో, అంటే రాగుల్లో, వంద గ్రాములకు 4.6 మిల్లీగ్రాములు, గంటెల్లో, అంటే సజ్జల్లో, 6.4 మిల్లీగ్రాముల ఇనుము ఉందని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతాయి. కానీ గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమునూ జింక్‌నూ గట్టిగా పట్టుకుని వదలదు. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. చోళ్ళు నానేసి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండితో పసివాళ్ళకు జావ కాచేవారు మన ఊళ్ళలో. రాత్రి పులియబెట్టిన చోడి అంబలి పొలానికి పట్టుకెళ్ళేవారు. ఇక్కడి ఛత్తీస్‌గఢ్ వాళ్ళూ ముందు రోజు అన్నంలో నీళ్ళు పోసి బోరే బాసీ తింటారు, మన చద్దన్నం వంటిదే. 2022 మే 1న, కార్మిక దినం నాడు, దాన్ని తినమని అప్పటి ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. ఈ జావకు నిమ్మరసం చుక్కలో, ఉసిరి ముక్కో తోడైతే ఇనుము ఇంకా బాగా ఒంటబడుతుంది. టీ తాగితే మాత్రం పోతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు ఇక్కడ మనకు బాగా పట్టుకుంది, కనీసం గంట ఎడం ఇవ్వండి. తినే ఇళ్ళలో ఏడో నెల బిడ్డకు మెత్తగా ఉడికించిన మేక కార్జం కొద్దిగా, గుడ్డు, ముళ్ళు తీసిన చేప పెట్టవచ్చు. ఆకుకూరల్లోని ఇనుము కన్నా ఆ ఇనుము తేలిగ్గా అందుతుంది.

ఇంకొక్క మాట, కాన్పు దగ్గరలో ఉన్న ఇళ్ళకు. బిడ్డ పుట్టగానే బొడ్డు తాడుకు క్లిప్పు వేయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే, మాయలో ఉన్న రక్తం బిడ్డకు చేరుతుంది. దానితో పాటు నెలలకు సరిపోయే ఇనుమూ చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే పద్ధతి ఇది, ఖర్చేమీ లేదు. భిలాయి సెక్టార్ 9 ఆసుపత్రి కానివ్వండి, పార్వతీపురం ఆసుపత్రి కానివ్వండి, పురిటికి చేర్చేటప్పుడు నర్సమ్మను ముందే అడిగి పెట్టుకోండి.

ఇదంతా విని, పాపకి ముందు రక్తం పట్టాక టీకా వేయిద్దాంలే అని ఎవరూ ఆగకండి. రక్తహీనత ఉన్న బిడ్డకూ టీకా పనిచేస్తుంది, కాస్త తక్కువ పనిచేయవచ్చు. అసలు వేయించకపోతే ఏ రక్షణా ఉండదు. తేదీ ప్రకారం సూది, దానికి మూడు నెలల ముందు నుంచి సిరప్. వచ్చే టీకా రోజున తల్లీపిల్లల కార్డుతో పాటు ఇంట్లో ఉన్న ఐరన్ సీసా కూడా చేతిలో పట్టుకెళ్ళి, అందులో ఎంత మిగిలి ఉందో మితానిన్ దీదీకి చూపించండి. నెల గడిచినా సీసా నిండుగా ఉంటే ఎందుకు ఉందో ఆమెతో కూర్చుని మాట్లాడండి.